గొళ్లేనికి తగిలించిన తువ్వాలు

పోయినవారం సంచికలో కరుణమ్మను ప్రార్థన గదిలో, ఒక బిస్కట్ల డబ్బా ఎదురుగా కూర్చోబెట్టి వదిలేశాం. ఆ డబ్బాలో పదకొండు చీటీలున్నాయి. తంగెళ్లపాడు మిషను ఆసుపత్రిలో ఆమె కింద పనిచేసే పదకొండుమందీ పేరు పెట్టకుండా రాసి వేసినవి. "మీ పైవారికి చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఒకటి రాయండి" అని వాళ్లను అడిగింది మద్రాసు నుంచి వచ్చిన నిర్మల.

ఆసుపత్రిని ముప్ఫయ్యేళ్లు నడిపిన దొరసాని డాక్టరమ్మ ఏప్రిల్లో ఓడెక్కి తన దేశం వెళ్లిపోతోంది. ఇకమీదట పెద్ద కుర్చీల్లో మనవాళ్లే కూర్చోవాలని మిషనువాళ్లు తీర్మానించారు. హెడ్ నర్సు కరుణమ్మను నర్సులందరిమీదా సూపరింటెండెంటుగా వేయాలా వద్దా అని తేల్చడానికి శనివారం పదకొండు గంటలకు నరసరావుపేటలో కమిటీ కూర్చుంటుంది. అంతకుముందు ఆరువారాలపాటు ఆమెకు నలుగురిని నడిపే పద్ధతి నేర్పి, ఆమె ఆ పనికి తగునో తగదో రాసి పంపమని నిర్మలను పిలిపించారు. ఇది ఆరో వారం. ఇవాళ గురువారం. నిర్మల రిపోర్టు రేపు పొద్దున బస్సులో పోవాలి.

మధ్యాహ్నం పన్నెండింటికే ఇద్దరూ ప్రార్థన గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నారు. ఎవరూ వచ్చి కదిలించకుండా కరుణమ్మ అలవాటు ప్రకారం తన తెల్ల తువ్వాలు బయటి గొళ్లేనికి తగిలించింది. డబ్బా మూత తీసేముందు నిర్మల ఆమె పాత రిజిస్టర్లన్నీ తిరగేసి, ఎవరికి ఏ డ్యూటీ ఎందుకు వేసిందో ఒక్కొక్కటే అడిగింది. అన్నాలు కూడా అక్కడికే క్యారియరులో తెప్పించుకున్నారు. ఇప్పుడు అయిదు దాటుతోంది.

"ఇక తీద్దామా?" అంది కరుణమ్మ, కళ్లజోడు చీరకొంగుతో తుడుచుకుంటూ.

"తీద్దాం సిస్టరుగారూ. ఒక్కమాట. ఏం రాశారో చూద్దాం. ఎవరు రాశారో వెతకొద్దు. అడగనని వాళ్లకు నేను మాటిచ్చాను."

"ఎవరు రాస్తే నాకేందమ్మా. ఇరవై రెండేళ్లుగా వీళ్ల మొహాలు చూస్తన్నా. వీళ్ల కడుపులో ఏముందో చీటీ రాసి చెప్పాల్నా నాకు?"

ఆమె మొదటి చీటీ విప్పి, బడిపిల్లల పరీక్ష కాగితం దిద్దే పంతులమ్మలాగా దూరంగా పట్టుకుని చదివింది. 'గంజి ఎక్కువై టోపీ చెవుల దగ్గర కోసుకుపోతంది. కొంచెం తగ్గించుకోనివ్వండి.'

"ఇది మరియమ్మే. దాని చెవులు అట్టా..." అని, నిర్మల చూపు చూసి ఆగిపోయింది. "సరే. వెతకను."

రెండోది: 'రోగుల ఎదుట మమ్మల్ని మొద్దులు అనకండి. తర్వాత వాళ్లు కూడా మమ్మల్ని అట్లాగే పిలుస్తున్నారు.'

"మొద్దుల్ని మొద్దులనక మల్లెపూలంటారా?" అంది కరుణమ్మ. కానీ ఆ చీటీని మిగతావాటితో కలపకుండా, కొంచెం పక్కకు పెట్టింది.

మూడోది: 'మందుల అలమరకు రెండో తాళంచెవి చేయించండి.'

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే నడుముకు వేలాడే తాళాల గుత్తిమీదికి పోయింది. "చేయిస్తా. నెల తిరక్కుండా అలమర బోసిపోద్ది. అప్పుడు రోగులకు నీళ్లు పోద్దురుగాని."

నిర్మల తల వంచి రాసుకుంది. ఆరువారాలుగా ఆమె పద్ధతి అదే. అడుగుతుంది, వింటుంది, ఎర్ర అట్ట పుస్తకంలో ఏదో రాసుకుంటుంది. మొదట్లో కరుణమ్మకు అది చానా చిరాకుగా ఉండేది. జీతమిచ్చి పిలిపించుకున్న మనిషి ప్రశ్నలేస్తుందేగాని నేర్పదేమని డాక్టరమ్మతో అంది కూడా. కానీ రెండోవారంలో నిర్మల, "మీరు ఈ ఆసుపత్రిలో స్వయంగా పెట్టిన పద్ధతుల్లో మీకు బాగా నచ్చినది ఏది?" అని అడిగినప్పుడు మాత్రం మనసు విప్పి మాట్లాడింది. అప్పుడు చెప్పింది తువ్వాలు సంగతే. సాయంత్రం ఆరింటికి తాను ప్రార్థనకు కూర్చుంటుంది. గొళ్లేనికి తువ్వాలు వేలాడినంతసేపూ ఆ తలుపు దగ్గరికి ఈగ కూడా రాదు. పదేళ్లలో ఒక్కరు కూడా ఆ కట్టు తప్పలేదు. "అదమ్మా క్రమశిక్షణంటే," అని నవ్వింది ఆరోజు. నిర్మల ఎర్ర పుస్తకంలో ఆ మాట రాసుకుని, కింద ఒక గీత గీసింది.

నాలుగో చీటీ ఖాళీ కాగితం. అయిదోది అన్న పెళ్లికి సెలవివ్వలేదన్న మాట. ఆరోది టీ చల్లారిపోతోందని. ఇట్లా పది అయ్యాయి. కరుణమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇంతేగదా అన్నట్టుంది ఆమె ముఖం.

పదకొండోది ఎనిమిది మడతలు పెట్టి ఉంది. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు. అక్షరాలు ఒక్కొక్కటీ రేగుపండంత. పెన్సిలు ఎంత గట్టిగా నొక్కారంటే, కాగితం అవతలివైపు చేత్తో తడిమినా తెలుస్తుంది.

కరుణమ్మ చదవడం మొదలుపెట్టింది. రెండు ముక్కలు పైకి చదివి గొంతు ఆపేసింది. తర్వాత పెదవులు మాత్రమే కదిలాయి. తర్వాత అవీ ఆగిపోయాయి.

"సిస్టరుగారూ?"

ఆమె చీటీ బల్లమీద పెట్టింది. నిర్మల వంగి చదివింది.

'అమ్మగారికి. కోటేశ్వరమ్మ పోయినరోజు జీనత్ నన్ను మీకోసం పంపింది. నేను వచ్చాను. తువ్వాలు ఉంది. తలుపు కొట్టాను. లోపల పాట పెద్దదయింది. మళ్లా కొట్టలేదు. నన్ను పంపలేదని అబద్ధం చెప్పాను. జీనత్ పని పోయింది. అప్పటినుంచి నాకు అన్నం లోపలికి పోవడం లేదు.'



కోటేశ్వరమ్మ ఎవరో నిర్మలకు తెలుసు. మూడోవారంలో కరుణమ్మే చెప్పింది, తాను ఎంత గట్టి మనిషో చూపించడానికి. రెండేళ్ల కిందటి మాట. పుల్లారావు అనే రైతు తన భార్యను తొలికాన్పుకు ఎడ్లబండి మీద తీసుకొచ్చాడు. సాయంత్రం అయిదున్నరకు మగపిల్లాడు పుట్టాడు. బిడ్డ బాగానే ఉన్నాడు. తల్లికి రక్తం ఆగలేదు. డాక్టరమ్మ ఆరోజు గుంటూరులో ఉంది. కాన్పు గదిలో ఉన్నది జీనత్ ఒక్కతే. ఇరవై మూడేళ్ల మంత్రసాని నర్సు, సర్టిఫికెట్టు చేతికొచ్చి ఏడాది కాలేదు. రక్తం కట్టే సూదిమందు అలమరలో ఉంది. అలమర తాళం కరుణమ్మ నడుముకు ఉంది. ఆరూ నలభైకి కరుణమ్మ ప్రార్థన ముగించి వార్డులోకి వచ్చేసరికి కోటేశ్వరమ్మ అరికాళ్లు చల్లబడ్డాయి.

"నాకెందుకు కబురు చెయ్యలేదు?" అని అడిగింది.

"రాజమ్మను పంపానమ్మగారూ," అంది జీనత్.

ఆయా రాజమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "నిన్ను పంపిందా?" అని అడిగితే, లేదని తల ఊపింది.

అంతే. మర్నాడు కరుణమ్మ తన చేత్తో ఉత్తరం రాసింది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని, పైగా అబద్ధమాడిందని, ఈమెకు మరెక్కడా ఈ పని ఇవ్వవద్దని. జీనత్ ట్రంకుపెట్టె మోసుకుంటూ గేటు దాటుతుంటే, మిగతా నర్సులందరినీ వరండాలో నిలబెట్టి చూపించింది. చూసి నేర్చుకోవాలని.

కరుణమ్మ బల్లమీది ఇత్తడి గంట అందుకుంది.

నిర్మల ఆమె మణికట్టు పట్టుకుంది. "వద్దు సిస్టరుగారూ. నేను మాటిచ్చాను."

"మాట నువ్విచ్చావు. నేనివ్వలా." ఇన్నాళ్లూ 'మీరు' అన్న నోటినుంచి 'నువ్వు' వచ్చింది. "ఈ అక్షరాలు నేర్పింది నేను. పలకమీద చెయ్యి పట్టుకుని దిద్దించా, వేసవంతా. నలభయ్యారేళ్ల మనిషికి. నేను నేర్పిన అక్షరాలతో నామీదే రాసింది."

"మీమీద కాదు. మీకు రాసింది."

గంట మోగింది.

గంట కొట్టి పిలిస్తే తప్ప ఎవరూ తెరవని పెరటివైపు చిన్న తలుపులోంచి రాజమ్మ వచ్చింది. పొట్టి మనిషి. చేతులు ఫినాయిలు వాసన. బల్లమీది క్యాలెండరు కాగితం చూసింది. పారిపోలేదు. కొంగు నడుముకు దోపుకుని, గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏమే రాజమ్మా. ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే అమ్మగారూ."

"తలుపు కొట్టానని రాశావే. ఎవరు చెప్పమన్నారు ఈ మాట?"

"ఎవరు చెప్తారు. నాకు రాత వచ్చినాక జీతం పుస్తకంలో సంతకం తప్ప ఇంకేం రాయలా. నాకోసం రాసుకున్న మొదటి కాగితం ఇదే."

"నువ్వు కొట్టలేదు."

"కొట్టాను."

"కొడితే నాకు వినపడదా? నా చెవులకేం చెముడా?"

రాజమ్మ నిర్మల వైపు చూసి, మళ్లీ తలదించుకుంది. "ఆరోజు అబద్ధం చెప్పానమ్మా, ఒప్పుకుంటన్నా. నన్ను పంపిందని చెప్తే, పంపితే ఎందుకు పిలవలేదు అంటారు. పిలిచానంటే, తువ్వాలు ఉండగా తలుపెందుకు కొట్టావంటారు. ఎట్టా చెప్పినా నా పని పోద్ది. మా ముసలి అమ్మ మంచంలో ఉంది. ఒక్కసారి తల ఊపా. ఊపి, ఇంటికి పొయ్యి వాంతి చేసుకున్నా. కానీ తలుపు మాత్రం కొట్టా. దేవుడి సాక్షి."

"దేవుణ్ని తీసుకురాకు మధ్యలోకి."

"ఆయన అప్పటికే ఉన్నాడు గదమ్మా లోపల. మీరు ఆయనతోనే గదా ఉన్నారు."

ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు రాజమ్మ. ఉన్నమాటే అంది. అందుకే కరుణమ్మ ముఖం చెంపమీద కొట్టినట్టు ఎర్రబడింది.

నిర్మల లేచి నిలబడింది. "సిస్టరుగారూ, ఒకపని చేద్దాం. రాజమ్మగారు బయటికి పోయి ఆరోజు కొట్టినట్టే కొడతారు. మీరు ఆరోజు కూర్చున్నచోట కూర్చుని, పాడిన పాటే పాడండి. వినపడుతుందో లేదో తెలిసిపోతుంది. వినపడకపోతే తప్పు తలుపుది."

కరుణమ్మకు ఆ మాట నచ్చింది. మందపాటి టేకు తలుపు అది. మిషనువాళ్లు కట్టించినప్పటిది. దానికవతల గొడ్డు అరిచినా వినపడదని ఆమె నమ్మకం. "పో," అంది రాజమ్మతో. "కొట్టు. నీ చేతిలో ఎంత బలముందో చూస్తా."

రాజమ్మ పెద్ద తలుపు తీసుకుని వరండాలోకి పోయింది. పోతూ వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయింది. "ముందు ఇది కానియ్," అంది కరుణమ్మ. తలుపు మూసుకుంది.

కరుణమ్మ కిటికీ దగ్గర చాపమీద మోకరించింది. ఎప్పుడూ మోకరించే చోటే. అక్కడ నేల రెండు మోకాళ్ల మేరకు నునుపు తేలి ఉంటుంది. రోజూ పాడే సాయంకాలపు కీర్తన ఎత్తుకుంది. ఆమెది మంచి గొంతు. ఇరవై రెండేళ్ల వయసులో మొగుడు ఏసోబు పాముకాటుకు పోయిన తర్వాత, దుర్గి పాలెంలో కూలికి పోయేటప్పుడు నేర్చుకున్న పాట అది. ఆ తర్వాతే ఆసుపత్రికి వచ్చింది, చదువుకుంది, నర్సయింది. కోటేశ్వరమ్మ పోయిన తేదీ, ఏసోబు పోయిన తేదీ ఒకటే. ఏటా ఆ రోజున ప్రార్థన పావుగంటతో అయిపోదు. అది కూడా ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

మొదటి చరణం అయింది. రెండోది సగంలో ఉంది.

టక్. టక్ టక్.

చిన్న చప్పుడు. వేళ్ల కణుపులతో, గాజులు గలగలలాడకుండా రెండో చేత్తో పట్టుకుని కొట్టిన చప్పుడు. భయపడుతూ కొట్టిన చప్పుడు.

ఆ చప్పుడుకు కరుణమ్మ గొంతు పైకి లేచింది.

ఆమె లేపలేదు. అదే లేచింది. ఈగను తోలినప్పుడు చెయ్యి లేచినట్టు లేచింది. పాట గదంతా నిండిపోయింది. తలుపు చప్పుడు దానికింద పడి వినపడకుండా పోయింది. రెండు పాదాలు అట్లా పాడి, మూడో పాదంలో ఆమె ఉన్నట్టుండి ఆగింది. నోరు తెరుచుకునే ఉంది.

నిర్మల ఆమెనే చూస్తోంది. చేతిలోని ఎర్ర పుస్తకం మూసి బల్లమీద పెట్టింది.

"వినపడింది," అంది కరుణమ్మ. ఎవరితోనో తెలియదు.

గుర్తొచ్చింది. గుర్తు రావడమంటే అట్లా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. రెండేళ్లుగా ఏమీ లేదనుకున్న చోట, దీపం తెచ్చినట్టు అన్నీ కనపడ్డాయి. ఆరోజు కూడా ఇదే చరణం. ఇదే టక్, టక్ టక్. ఆయా ఎవరో కిరసనాయిలు కోసం వచ్చి ఉంటుందని అనుకుంది. తువ్వాలు కనపడటం లేదా దీనికి, అనుకుంది. ఇవాళ కూడా నన్ను వదలరా, అనుకుంది. గొంతు పెంచింది. చప్పుడు ఆగిపోయింది. తృప్తిగా అనిపించింది. ఆ తృప్తి కూడా గుర్తొచ్చింది. అదే అన్నిటికన్నా ఓర్చుకోలేనిది.

పదిహేను అడుగుల దూరంలో ఒక పడుచుపిల్ల రక్తం ఓడుతుంటే, తాళంచెవి తన నడుముకు ఉంది.

ఆమె చాపమీదినుంచి లేవబోయింది. నిర్మల వచ్చి చెయ్యి ఇచ్చింది. ఆ చెయ్యి పట్టుకోకుండానే కరుణమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"ఆరువారాలుగా అడుగుతూనే ఉన్నావు. ఒక్కటి, ఒక్కటి చెప్పు. ఇప్పుడు నేనేం చెయ్యాల?"

నిర్మల ఎర్ర పుస్తకం అవతలికి జరిపింది. "నాకు తెలియదు సిస్టరుగారూ. ఇట్లాంటి చీటీ వస్తుందని నాకు నేర్పినవాళ్లు చెప్పలేదు. టీ చల్లగా ఉంది, సెలవు ఇవ్వలేదు, ఇంతవరకే వస్తాయనుకున్నాను." తర్వాత, "రేపటి రిపోర్టులో ఏం రాయాలో కూడా తెలియడం లేదు," అంది.

"ఉన్నది రాయి."

"రాస్తే ఆ కుర్చీ మీకు రాదు."

కరుణమ్మ తాళాల గుత్తి నడుమునుంచి విప్పింది. ఏ తాళంచెవో వెతుకుతున్నట్టు ఒక్కొక్కటే వేళ్లతో తడిమింది. అలమరది దొరికింది. దాన్ని గుత్తినుంచి వేరుచేసి బల్లమీద, క్యాలెండరు కాగితం పక్కన పెట్టింది.

తలుపు తెరుచుకుంది. రాజమ్మ తల లోపలికి పెట్టింది. "వినపడిందా అమ్మగారూ?"

"వినపడిందే." ఆ గొంతు రాజమ్మ ఎప్పుడూ వినలేదు. "ఇటు రా. జీనత్ యాడుందిప్పుడు? నీకు తెలుసు గదా?"

రాజమ్మ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఇంతసేపూ బెదరని మనిషి ఇప్పుడు బెదిరింది.

"అదే చెప్పబోయానమ్మా ఇందాక. ఆ పిల్లకు ఎక్కడా పని దొరకలా. మాచర్ల అవతల డ్యామ్ కూలీల గుడిసెల్లో కాన్పులు చేస్తా బతుకుతంది. ఎవరో మేస్త్రీ పిటిషన్ పెట్టాడంట, పని మాన్పించిన మనిషి సూదులు వేస్తందని. మొన్న మంగళవారం పోలీసులొచ్చి తీసకపోయారు. మీరు అప్పుడు రాసిన ఉత్తరం ఉంది గదా. దాని నకలు యాడ దొరికిందో, అదే ఠాణాలో పెట్టారంట. ఎల్లుండి గురజాల కోర్టులో కేసు. పదకొండు గంటలకు."

ఎల్లుండి శనివారం. పదకొండు గంటలు. కమిటీ నరసరావుపేటలో, కోర్టు గురజాలలో. ఒక బస్సు ఇటు పోతే ఇంకొకటి అటు పోతుంది.

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"వాళ్ల నాయన. మీరా సాహెబ్. మాచర్లలో జట్కా తోలతాడు. మిమ్మల్ని చూడాలని వచ్చాడు."

"ఎప్పుడొచ్చాడు?"

రాజమ్మ నేలవైపు చూసింది. "మధ్యాహ్నం ఒంటిగంటకు. వరండా చివర బెంచీమీద కూచున్నాడు. మాలో ఎవరం చెప్పలేకపోయాం అమ్మగారూ. మీరు లోపలున్నారు. తువ్వాలు ఉంది."

కరుణమ్మ తలుపు దగ్గరికి నడిచింది. నాలుగడుగులు. రెండు చేతులతో తలుపు లాగింది. గొళ్లేనికి తువ్వాలు ఊగుతోంది, తెల్లగా, ఇవాళ పొద్దున ఉతికి గంజిపెట్టినది.

వరండా చివర బెంచీమీదినుంచి ఒక ముసలాయన లేచాడు. కాళ్లకు దుమ్ము. చంకలో గుడ్డమూట. చెప్పులు బెంచీ కిందే విడిచి రెండడుగులు ముందుకేసి, తువ్వాలు ఇంకా అక్కడే ఉండటం చూసి ఆగాడు.

"ప్రార్థన అయిపోయిందామ్మా?" అన్నాడు మీరా సాహెబ్. "కాకపోతే కూచుంటాలే."